కల్లు పులిస్తే కల్తీ కాదు

తెలుగులో తిండి పాడవడానికి ఒక్క మాటతో సరిపెట్టలేదు మనవాళ్ళు. అన్నం పాచిపోతుంది, పచ్చడికి బూజు పడుతుంది, పండు కుళ్ళుతుంది, గుడ్డు మురిగిపోతుంది, పాలు విరిగిపోతాయి, పిండి ముక్కిపోతుంది. కానీ పెరుగు, దోసెల పిండి, కల్లు మాత్రం ‘పులుస్తాయి’. పులవడం అంటే పాడవడం కాదు, టైమవడం. మా శ్రీకాకుళం వైపు తరవాణి కుండ తెలిసిన ఇళ్ళల్లో దీన్నెవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. గంజిని రోజుల తరబడి పులవబెట్టి, వాడుకున్నంత మళ్ళీ పోసి, ఆ పుల్లటి నీళ్ళల్లో అన్నం నానేసుకు తిన్న జనం మనది. కుండ మీద ముక్కు పెట్టి ‘ఇది పులుపు, ఇది పాచి’ అని తేల్చడానికి మామ్మలకి ఏ ల్యాబూ అవసరం రాలేదు.

ఇదెందుకు గుర్తొచ్చిందంటే, అమెరికాలో ఉన్న ఇంజనీరింగ్ క్లాస్‌మేటు ఒకడు ఇంట్లోనే సోర్ బీరు పెడతాడు. ఆవకాయ పెట్టినంత శ్రద్ధగా పెడతాడు. అక్కడ 1978లో చేసిన చట్టంతో ఇంట్లో తాగడానికి బీరు చేసుకోవడం ఫెడరల్ నేరం కాకుండా పోయింది కాబట్టి అదక్కడ పెద్ద కాలక్షేపం. ఆ మధ్య ఒక సీసా ఫొటో పంపాడు. బీరు మీద తెల్లగా, ముడతలు ముడతలుగా మీగడలాంటి పొర. పారబొయ్యాలా, ఇంకో ఏడాది ఉంచాలా అని అనుమానం. వాడి సంగతి చూస్తూ చూస్తూ నేను మన కల్లు చరిత్రలోకి జారిపోయాను. ఆ చరిత్రలో మా తీరానిది పెద్ద పాత్రే. ఒక ప్రభుత్వం పడిపోయేటంత పాత్ర.

ముందు ఆ బీరు సంగతి కాస్త. మామూలు బీరులో ఈస్టు ఒక్కటే పని చెయ్యాలి, ఇంకేది దూరినా అది చెడినట్టే. 1876లో లూయీ పాశ్చర్ బీరు మీద రాసిన పుస్తకమంతా దాదాపు ఈ ‘బీరు రోగాల’ గురించే. 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్టుని పెంచాక, ఇక బీరంటే శుభ్రమైన బీరే అని ప్రపంచం ఒప్పేసుకుంది. తమాషా ఏంటంటే అదే కార్ల్స్‌బర్గ్‌లో 1904లో క్లాసెన్ అనే ఆయన, ఇంగ్లండులో నిలవబెట్టిన బీర్లకి ఆ ప్రత్యేకమైన రుచి రావడానికి కారణం ఇంకో అడవి ఈస్టు అని చెప్పి, దానికి బ్రెట్టనోమైసిస్ అని పేరు పెట్టాడు. ఒకడి బీరులో రోగమైనది ఇంకొకడి బీరులో రుచి అయిందన్నమాట.

బ్రస్సెల్స్ చుట్టుపక్కల చేసే లాంబిక్ అనే బీరయితే ఇంకా మొండిది. చలికాలం రాత్రి వేడి ద్రవాన్ని వెడల్పాటి పళ్ళెంలో తెరిచి పెడతారు. గాలిలో ఉన్నవీ, చెక్క పీపాల్లో ముందునుంచీ కాపురమున్నవీ అన్నీ వచ్చి చేరతాయి. ఏడాది నుంచి మూడేళ్ళు అలా వదిలేస్తారు. ముందు ఈస్టు చక్కెర తింటుంది, తర్వాత లాక్టిక్ ఆమ్లం చేసే బాక్టీరియా పులుపు తెస్తుంది, చివర్లో బ్రెట్టనోమైసిస్ మిగిలిందంతా నిదానంగా సర్దుతుంది. మధ్యలో ఒక దశలో బీరు జిగటగా, తీగలు సాగుతూ కనిపిస్తుంది. తెలియనివాడు పారబోస్తాడు, తెలిసినవాడు ఆగుతాడు. కొన్ని నెలలకి అదే తేరుకుంటుంది.

మరి చెడిందని ఎలా తెలుస్తుంది? ముడతల తెల్లపొర ఫరవాలేదు, అది ఈ జీవులు వేసుకునే దుప్పటి. బొచ్చు బొచ్చుగా ఆకుపచ్చగానో నల్లగానో పెరిగితే అది బూజు. వెనిగర్ వాసన గుప్పుమంటే గాలి చొరబడిందని అర్థం. గోళ్ళ రంగు వాసన ఘాటుగా వస్తే గాలితో పాటు ఇంకేదో కూడా తేడా చేసింది. పసిపిల్లలు కక్కుకున్న పాల వాసన వస్తే మరీ అన్యాయం. పీహెచ్ 4.6 కంటే కిందికి దిగితే ప్రాణాంతకమైన బొట్యులిజం భయం ఉండదు. అంటే ఇక్కడ పులుపు శత్రువు కాదు, కాపలాదారు. మా వాడి తెల్లపొర దుప్పటే, బీరు బానే ఉంది.

ఇప్పుడు మన కల్లు దగ్గరికొద్దాం.

తాటిచెట్టు గెలని గీసి, కుండ కడితే కారే నీరా దాదాపు పీహెచ్ 7 దగ్గర ఉంటుంది, పది పన్నెండు శాతం చక్కెర. బీరుకైతే గింజని మొలకెత్తించి, ఉడికించి చక్కెర తియ్యాలి. ఇక్కడ చెట్టే సిద్ధంగా వడ్డించేసింది. దాన్ని ఉడకబెట్టరు, హాప్స్ లాంటి చేదు కలపరు. కుండలో నిన్నటి మడ్డి ఎంతో కొంత ఉంటుంది, అదే తోడు. పాలకి పెరుగు తోడేసినట్టే. బొట్టు కుండలో పడ్డ క్షణం నుంచే పని మొదలవుతుంది. ఈస్టు, లాక్టిక్ బాక్టీరియా, జైమోమోనాస్ అనే ఇంకో బాక్టీరియా అన్నీ కలిసి గంటల్లో చక్కెరని ఆల్కహాలుగా, ఆమ్లంగా మార్చేస్తాయి. బెల్జియంలో మూడేళ్ళ కచేరీని మన ఎండకి ఒక్క రోజులో వాయించేస్తాయి.

పొద్దున్నే దించిన కల్లు తియ్యగా, నాలిక మీద కాస్త చురుగ్గా ఉంటుంది. మధ్యాహ్నానికి పదునెక్కుతుంది, నాలుగైదు శాతం ఆల్కహాలు చేరుతుంది. సాయంత్రానికి పుల్లన. మర్నాటికి ఎసిటిక్ బాక్టీరియా అందుకుని వెనిగర్ దారి పట్టిస్తుంది. కుండ లోపల సున్నం పూస్తే ఈ వ్యవహారమంతా ఆగి, నీరా నీరాగానే ఉంటుంది. సున్నం లేకపోతే మనిషి చేతిలో ఏమీ లేదు.

అంటే కల్లుని నిలవ బెట్టలేం. పాత కల్లు అనే గొప్ప లేదు, మూడేళ్ళ కల్లు అని సీసా మీద రాసి అమ్ముకునే వీలు లేదు. మా ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే కల్లులో పులుపు ఒక టైమ్‌స్టాంపు. సర్వర్లో లాగు ఫైలు టైము ఎవడైనా మార్చెయ్యొచ్చు గానీ కుండలో పులుపుని వెనక్కి తిప్పడం కుదరదు. ‘ఏటి బావా, పులిసిపోనాదా?’ అని అడిగితే అది కల్లు బాగుందా లేదా అన్న ప్రశ్న కాదు. ఎప్పుడు దించావు, ఎక్కణ్ణుంచి తెచ్చావు అన్న ఆడిట్టు.

ఈ టైమ్‌స్టాంపు వల్లే కల్లు వ్యాపారం చాలా కాలం చిన్నదిగా ఉంది. చెట్టుకీ తాగేవాడికీ మధ్య నడిచి వెళ్ళేటంత దూరమే. గీసినవాడెవరో, చెట్టు ఏదో తాగేవాడికి తెలుసు. కల్తీ అంటే మహా అయితే నీళ్ళు. నీళ్ళు కలిపితే నాలికే పట్టేస్తుంది, పట్టుబడితే మర్నాడు వేరే చెట్టు కిందికి పోతారు.

పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం... సముద్రం వారగా ఈ పట్టీనే ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానమైందని అంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస అందరికీ తెలిసినవి. ఇసక నేలల్లో, చెరువు గట్ల మీద, పొలం గట్ల మీద తాడి, ఈత కూడా అంతే మామూలు. వాటిని నమ్ముకుని బతికిన శ్రీశయన (సెగిడి), యాత కులాలవాళ్ళు ఊరూరా ఉన్నారు. మోకు, కత్తి, కుండ, ఇంతే పెట్టుబడి. కాలు జారితే ప్రాణమే వడ్డీ.

ఈ చిన్న వ్యాపారంలోకి సర్కారు పెద్ద అడుగు వేసింది 1886లో, మద్రాసు ఆబ్కారీ చట్టంతో. అప్పటికి పలాస, టెక్కలి అంతా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. (1936లో ఒరిస్సా ఏర్పడ్డాక ఈ భాగం విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది.) ఆబ్కారీ పద్ధతిలో గీసే ప్రతి చెట్టుకీ పన్ను, చెట్టుకి నంబరు, దుకాణానికి వేలం పాట. తాగడం మంచిదా చెడ్డదా అన్నది తర్వాత మాట, అది ఖజానాకి మంచిది. మద్రాసు ప్రభుత్వానికొచ్చే పెద్ద ఆదాయాల్లో ఆబ్కారీ ఒకటైపోయింది. ఎంత పెద్దదంటే, 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టి, తర్వాత చిత్తూరు, కడప జిల్లాలకి విస్తరించాక, ఆ గండి పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. దేశంలో సాధారణ అమ్మకం పన్నుకి అదే శ్రీకారం. ఇవాళ హోటల్ బిల్లు కింద కనిపించే జీఎస్టీకి దూరపు తాతగారు తాటిచెట్టు ఎక్కి దిగినవాడేనన్నమాట!

యుద్ధం అయ్యాక, 1946 నుంచి విడతలు విడతలుగా నిషేధాన్ని పెంచుకుంటూ పోయి 1948 అక్టోబరుకల్లా మద్రాసు రాష్ట్రమంతా అమలు చేశారు. దాని వెనకున్న ఉద్దేశాన్ని నేను తీసిపారెయ్యను. కూలి డబ్బులు ఇంటికి చేరకుండా దుకాణంలోనే ఆగిపోతే ఆడవాళ్ళు, పిల్లలు ఏం తినాలి అన్నది అప్పుడూ నిజమైన ప్రశ్నే, ఇప్పుడూ నిజమైన ప్రశ్నే. కానీ చట్టం రాసినవాళ్ళకి సీసాలో సారా, కుండలో కల్లు ఒకటే. గీతవాడికి మాత్రం పొద్దున్న లేచేసరికి వృత్తి నేరమైపోయింది. సున్నం పూసి నీరా తియ్యండి, తాటిబెల్లం వండండి అన్నారు. బెల్లం వండాలంటే కట్టెలు కావాలి, గంటలు గంటలు మంట పెట్టాలి, చివరికి చెరకు బెల్లంతో పోటీ పడాలి. చెట్టెక్కే కష్టం అంతే, చేతికొచ్చేది తక్కువ. ఇంకోవైపు దొంగసారా పుట్టింది. కల్లుని దాచడం కష్టం, దానికి చెట్టు కనబడుతుంది, కుండ కనబడుతుంది, మర్నాటికి పులిసి వాసన చెబుతుంది. సారా అయితే పొదలో కాసి, సీసాలో దాచి, నెల తర్వాత అమ్మొచ్చు. పులిసేదాన్ని నిషేధించి, నిలవుండేదానికి గిరాకీ పెంచారు. నాకు ఈ చరిత్ర మొత్తంలో ముఖ్యంగా అనిపించే సంగతి ఇదే.

ఇక్కడే మా తీరం సీన్లోకి వస్తుంది. సోంపేట దగ్గర సముద్రం ఒడ్డున బారువ అనే ఊరుంది. 1909 ఆగస్టు 16న అక్కడొక గీత కుటుంబంలో పుట్టాడు గౌతు లచ్చన్న. ఉప్పు సత్యాగ్రహం నాటినుంచీ ఉద్యమాల్లో ఉన్న మనిషి, ఎన్.జి.రంగాకి ముఖ్య అనుచరుడు, రంగా పెట్టిన కృషికార్ లోక్ పార్టీ నాయకుడు. జనం ‘సర్దార్’ అన్నారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడి, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యేనాటికి నిషేధం మద్రాసు నుంచి వారసత్వంగా వచ్చేసింది. దాని సంగతి చూడమని ఎస్.వి.రామమూర్తి గారి కమిటీ వేశారు. ఆయన ఐ.సి.ఎస్.లో పనిచేసి రిటైరైన మనిషి, గాల్లో మాటలు చెప్పేరకం కాదు. నిషేధం ఫలించలేదు, ఎత్తెయ్యండి అని కమిటీ చెప్పింది. ప్రభుత్వం మాత్రం ఆ మాటని అమల్లో పెట్టలేదు.

1954లో లచ్చన్న నాయకత్వంలో కల్లుగీత కార్మికులు సత్యాగ్రహానికి దిగారు. ఒక్కసారి ఊహించండి. ఉప్పు సత్యాగ్రహంలో ఉప్పు చేసి చట్టాన్ని ధిక్కరించారు. పాతికేళ్ళయినా తిరక్కుండా, స్వతంత్ర భారతంలో, చెట్టు గీసి ధిక్కరించాల్సి వచ్చింది. రెండూ ప్రకృతి ఇచ్చినవే, రెండిటి మీదా సర్కారు చెయ్యే. టెక్కలి పక్కనే నౌపడా ఉప్పు మళ్ళు, ఆ పైన ఉద్దానం తాటి తోపులు. మా తీరం వాళ్ళకి ఈ పోలిక ఎవరో చెప్పాల్సిన పని లేదు.

ఆ గొడవ అసెంబ్లీకెక్కింది. 1954 నవంబరు 6న ప్రకాశం ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. అందులో లచ్చన్నది ముఖ్యపాత్ర. రాష్ట్రపతి పాలన, 1955లో ఎన్నికలు, బెజవాడ గోపాలరెడ్డి ప్రభుత్వం... తర్వాత కథ పుస్తకాల్లో ఉంది. చిత్రం చూడండి, 1937 నాటి రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి ప్రకాశమే. సైమన్ కమిషన్ వచ్చిన రోజుల్లో తుపాకీకి గుండె చూపించిన మనిషిని ఎనభై రెండేళ్ళ వయసులో గద్దె దించిన ముఖ్య కారణాల్లో కల్లు ముంత ఒకటి. ఆంధ్రరాష్ట్రం తొలి ప్రభుత్వం పడిపోయిందంటే మనకి కులాల లెక్కలు, పార్టీల ఎత్తులు మాత్రమే చెబుతారు. అవీ ఉన్నాయి, కాదనను. కానీ పొద్దున్న తియ్యగా ఉండి సాయంత్రానికి పులిసిపోయే ఒక సరుకు, దాన్నే నమ్ముకున్న వేల కుటుంబాలు కూడా ఆ లెక్కలో ఉన్నాయి.

ఆ తర్వాత రాజ్యం మెల్లమెల్లగా కల్లుకీ, సారాకీ తేడా ఒప్పుకుంది. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటంతో 1993లో సారాని నిషేధించారు. 1995 జనవరిలో ఎన్.టి.రామారావు సంపూర్ణ మద్యనిషేధం తెచ్చినప్పుడు ఆ చట్టంలో మద్యం అన్న మాటకి ఇచ్చిన నిర్వచనం నుంచి కల్లుని పక్కన పెట్టారు. ‘సంపూర్ణం’లో కూడా కల్లుకి సందు దొరికింది. ఈ తేడాని 1948లోనే గుర్తించి ఉంటే ఎన్ని కేసులు, ఎన్ని జైళ్ళు తప్పేవో.

సరే, కల్లు గెలిచింది కదా, కథ కంచికే కదా అనుకుంటే పొరపాటు. అసలు కల్తీ ఇక్కడే మొదలైంది.

పట్నాలు పెరిగాయి. చెట్లు ఊళ్ళల్లో, తాగేవాళ్ళు పట్నంలో. మధ్యలో వంద కిలోమీటర్లు. పులుపు ఊరుకుంటుందా? లారీలో వచ్చేసరికి కల్లు తన టైము తను చెప్పేస్తుంది. పైగా చెట్లు ఇచ్చే కల్లు కంటే దుకాణాల్లో అమ్ముడుపోయే కల్లు ఎక్కువ. ఈ తేడా ఎలా పూడ్చాలి? నీళ్ళు పోస్తే మత్తు తగ్గుతుంది. మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, తర్వాత డయజెపాం, ఇప్పుడు అల్ప్రాజోలం. పులుపు తెలియకుండా శాకరిన్. నురగ కోసం ఇంకేవో పొడులు. పీపాలో చెట్టు వాటా తగ్గిపోయి, మందుల షాపు వాటా పెరిగింది. తెలంగాణ జిల్లాల్లో, హైదరాబాదులో ఇది బాగా ముదిరింది. 2004లో హైదరాబాదు కల్లు దుకాణాలు మూయించారు, తెలంగాణ వచ్చాక 2014లో మళ్ళీ తెరిచారు. 2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు జరిగితే, మందు అందక నిజామాబాదు, మహబూబ్‌నగర్ వైపు జనం పిచ్చెక్కినట్టు ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకి చేరారు. 2020 లాక్‌డౌన్లో ఎర్రగడ్డ ఆసుపత్రి ముందు అదే దృశ్యం. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు, పదులకొద్దీ మంది ఆసుపత్రి పాలయ్యారు.

నాలుగు శాతం ఆల్కహాలున్న కల్లు ఒక పూట మానేస్తే సామాన్యంగా ఎవరికీ అంత ఫిట్స్ రావు. ఆ లక్షణాలు కల్లువి కావు, నిద్రమాత్రలవి. జనం తమకి కల్లు అలవాటైందనుకున్నారు. నిజానికి వాళ్ళకి అలవాటైంది ఇంకేదో.

ఇక్కడ ఆ సోర్ బీరు వాళ్ళ పద్ధతీ మనదీ పోల్చి చూడండి. ఇంట్లో పెట్టుకున్న బీరులో కల్తీ అంటే పిలవని సూక్ష్మజీవి. దాన్ని కన్ను, ముక్కు, నాలిక పట్టగలవు. బూజుకి రంగుంది, వెనిగర్‌కి వాసనుంది. కల్లులో కూడా సూక్ష్మజీవుల తేడాని మన వాళ్ళు అలాగే పట్టేవారు. బుడగలు ఆగిపోయాయా, వాసన మాడిందా, జిగట తేలిందా, చీమలు, కందిరీగలు పడ్డాయా అని చూసేవారు. కానీ అల్ప్రాజోలంకి రంగు లేదు, పులిసే గుణం లేదు. మామ్మల ముక్కు, గీతవాడి నాలిక, మా వాడి పీహెచ్ మీటరు మూడూ కలిసినా దాన్ని పట్టలేవు. ప్రయోగశాల ఒక్కటే గతి. నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రకృతి నుంచి వచ్చే ప్రమాదాలన్నీ కూడా నాలికకి దొరకవు. బంగ్లాదేశ్‌లో 2001 నుంచి నిపా వైరస్ చాలాసార్లు మనుషులకి సోకింది గబ్బిలాలు నాకిన పచ్చి ఈతరసం వల్ల. అక్కడ వెదురు తడికతో గీత చోటుని కప్పి గబ్బిలాలని ఆపే ఉపాయం చూపించారు. ఊరి కుండ కదా అని గుడ్డిగా నమ్మమని నేననడం లేదు. కుండకి కప్పు అడగడం మడి కాదు, బుద్ధి.

‘కల్తీ’ అన్న మాటకి ఇంకో ఉపయోగం కూడా ఉంది, అది ఎదుటివాడి సరుకుని చంపడం. మెక్సికోలో పుల్కే అని అగేవ్ మొక్క రసంతో చేసే కల్లు ఉంది. మన కల్లుకి స్వయానా చుట్టం, అదీ నిలవుండదు. అందులో తోడు కోసం మలం మూట వేస్తారని ఒక పుకారు లేచి, జనం అసహ్యించుకుని సీసా బీరుకి మళ్ళారు. మన దగ్గర కూడా ‘కల్లా, ఛీ’ అని ముక్కు మూసుకుని, అంతకంటే ఎక్కువ ఆల్కహాలున్న బీరు క్యాను తెరిచే సాఫ్టువేరు బుర్రలు చాలానే ఉన్నాయి. విచిత్రంగా అదే బుర్ర బెంగుళూరు బ్రూపబ్బులో పుల్లటి బీరుకి నాలుగు వందలు పోసి ‘వైల్డ్ ఫెర్మెంటేషన్’ అని మురిసిపోతుంది. బాబూ, ఆ వైల్డ్ మన తాటిచెట్టు మీద ఊరికే ఉంది.

నేను కల్లు తాగమని చెప్పడం లేదు. ఆల్కహాలు ఆల్కహాలే, చెట్టు నుంచి వచ్చినంత మాత్రాన కాలేయం మొహమాటపడదు. అసలే ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇళ్ళకి ఇళ్ళని తినేస్తోంది. దాని అసలు కారణం ఇంకా తేలలేదు. అలాంటి చోట నీళ్ళైనా, మందుబిళ్ళయినా, ముంతలోదైనా, లోపలికి పోయేది ఏంటో తెలుసుకోవడం మిగతావాళ్ళకంటే మనకి ఎక్కువ అవసరం. పలాసలో ఒక దుకాణంలోకి వచ్చే కల్లు ఏ ఊరి చెట్టుదో చెప్పలేని రోజు వస్తే, కూకట్‌పల్లికీ మనకీ పెద్ద తేడా ఉండదు.

ఆ రోజు దూరంగా లేదనే నా భయం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు ఎన్నేళ్ళవో నేలకొరిగాయి. తాడి మొండిది, చాలా చోట్ల నిలబడింది. కానీ దాన్ని ఎక్కేవాళ్ళు తగ్గిపోతున్నారు. కొడుకులు హైదరాబాదులో, చెన్నైలో, గల్ఫులో పనులు వెతుక్కుంటున్నారు. వెళ్ళొద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు, ముందు నాకు అసలే లేదు. చెట్టు మీంచి పడి నడుం విరిగిన మనిషికి వారసత్వ వృత్తి గొప్పదనం గురించి ఉపన్యాసం ఇవ్వడం పాపం. అయితే ఎక్కేవాడు తగ్గి, తాగేవాడు తగ్గకపోతే ఏమవుతుందో హైదరాబాదు చూపించింది. ఆ ఖాళీని చెట్టు పూడ్చదు, మందుబిళ్ళ పూడుస్తుంది.

చెయ్యదగ్గవి మరీ బ్రహ్మవిద్యలేం కావు. చెట్టుకీ దుకాణానికీ మధ్య దూరానికి హద్దు పెట్టడం, ఆబ్కారీ రోజుల్లోలాగే చెట్టుకి నంబరిచ్చి ఈసారి అది పన్ను కోసం కాకుండా కల్లు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియడం కోసం వాడటం, దుకాణాల నుంచి అనుకోకుండా నమూనాలు తీసి అల్ప్రాజోలం పరీక్ష చేసి ఫలితం ఆ ఊళ్ళోనే గోడ మీద అంటించడం, ఎక్కేవాడికి నడుం పట్టీ, బీమా ఇవ్వడం. 1886లో ఖజానా కోసం ఒక్కొక్క చెట్టునీ లెక్కపెట్టగలిగిన సర్కారుకి, ఇప్పుడు మనిషి కోసం లెక్కపెట్టడం చేతకాదంటే నమ్మను.

ఇక తాగేవాళ్ళకి ఒక్క మాట. ముంత పుల్లగా ఉందని భయపడకండి, అది నిజం చెబుతోంది. ఎండాకాలం, సాయంత్రం ఆరింటికి, ఏ చెట్టుదో తెలియని కల్లు పొద్దున్నలా తియ్యగా ఉంటే మాత్రం ముంత కింద పెట్టేసి లేచిపోండి.